ఇంటర్నెట్టు కోరు పోర్టబుల్ ఇన్‌స్టాలర్లు

ఒక ఉపాధ్యాయుడు పట్టణములోని బంధువుల యింట కంప్యూటరునుండి ఒక బ్రౌజరు ప్రోగ్రామును పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొని తన పాఠశాలకు తీసికొనిపోయె ననుకొందము. ఫైలు పరిమాణము ఒకటి రెండు మెగాబైట్లే. ఇంత పెద్ద ప్రోగ్రాము ఇంత చిన్న ఫైలులో ఇమిడెనా యని ఆయన సంతోషించెను. మరునాడు పాఠశాలలో ఆ ఫైలును తెరువగా, తెరపై కొంతసేపు ఒక గీత కదలి, చివరకు ఫైలును దించుకొనుట సాధ్యము కాలేదను మాట కనబడెను. ఆ పాఠశాలలో ఇంటర్నెట్టు లేదు. ఆయన తెచ్చితి ననుకొన్న ప్రోగ్రాము ఆ పెన్‌డ్రైవులో ఎన్నడును లేదు. ఆయన తెచ్చినది ప్రోగ్రామును కాదు. ప్రోగ్రామును తెచ్చిపెట్టు దూతను మాత్రమే.

ఈ దూతకు 'ఆన్‌లైన్ ఇన్‌స్టాలరు' అని పేరు. ఎక్కడికైనను వెంట తీసికొనిపోవుటకే పుట్టిన పోర్టబుల్ ప్రోగ్రాములలో సైతము కొన్ని యిట్టి దూతల రూపముననే లభించుచున్నవి. వెంట వచ్చు వస్తువునకు ఇంటర్నెట్టు బంధమేల? ఈ ప్రశ్నకు సమాధానము కొంత కంప్యూటరు శాస్త్రములోను, కొంత చట్టములోను, కొంత సామాన్య గణితములోను ఉన్నది.

ఇన్‌స్టాలరు చేయు పని

విండోసు కంప్యూటరులో ఒక ప్రోగ్రామును నెలకొల్పినపుడు దాని భాగములన్నియు ఒకేచోట నుండవు. ప్రధానమైన ఫైళ్లు 'ప్రోగ్రామ్ ఫైల్స్' అను ఫోల్డరులో చేరును. అక్షరముల పరిమాణము, భాష, ఇటీవల తెరచిన ఫైళ్ల జాబితా మొదలగునవి వాడువాని పేరుగల వేరొక ఫోల్డరులోనికి పోవును. మరికొన్ని వివరములు 'రిజిస్ట్రీ' అను పెద్ద పద్దుపుస్తకములో నమోదగును. 1992 లో విండోసు 3.1 తో తొలిసారి వచ్చిన ఈ రిజిస్ట్రీ, 1995 లో విండోసు 95 వచ్చిననాటినుండి మిక్కిలి విస్తరించినది.

ఇట్లు ఫైళ్లను విప్పి, ఎక్కడి భాగము నక్కడ చేర్చి, పద్దు వ్రాయునదియే ఇన్‌స్టాలరు. ఇది స్వయముగా ఒక ప్రోగ్రాము. దాని కడుపులో అసలు ప్రోగ్రాము అణచి చుట్టబడి యుండును. ఈ అణచుట యెట్లనగా, ఒకే అక్షరక్రమము మరల మరల వచ్చినచో దానిని పూర్తిగా తిరిగి వ్రాయక, 'ఇన్ని స్థానముల వెనుక నున్న ఇన్ని అక్షరములే ఇవి' యని ఒక చిన్న గుర్తు నుంచుట. ఇన్‌స్టాలరు ఆ గుర్తులను చదివి, మూలమును ఒక్క అక్షరమైనను తప్పకుండ తిరిగి నిర్మించును.

ప్రోగ్రాము ఇట్లు నాలుగుచోట్ల వేళ్లూనుకొని యుండుటచే దాని ఫోల్డరును మాత్రము మరియొక కంప్యూటరునకు నకలు చేసినచో అది తరచుగా పనిచేయదు. చెట్టును పెరికి, వేళ్లను నేలలోనే వదలి, కొమ్మలను మాత్రము తీసికొనిపోయినట్లగును.

పోర్టబుల్ ప్రోగ్రాము

ఈ చిక్కును తీర్చుటకు పుట్టినవి పోర్టబుల్ ప్రోగ్రాములు. పెన్‌డ్రైవులు 2000 సంవత్సరములో అంగడికి వచ్చినపుడు వాని ధారణశక్తి 8 మెగాబైట్లు మాత్రమే. ఐనను అది 1.44 మెగాబైట్ల ఫ్లాపీకి అయిదురెట్లకు పైమాట. ఆ శక్తి ఏటేట పెరుగగా, పత్రములనే గాక ప్రోగ్రాములను సైతము జేబులో నుంచుకొని తిరుగవచ్చునను ఆలోచన కలిగినది. 2004 లో జాన్ టి. హాలర్ అను అమెరికా దేశీయుడు ఫైర్‌ఫాక్సు బ్రౌజరును పెన్‌డ్రైవునుండియే నడచునట్లు సిద్ధము చేసెను. ఆ ప్రయత్నమే తరువాత పోర్టబుల్‌యాప్స్.కామ్ అను సంస్థగా పెరిగి, వందలకొలది ప్రోగ్రాములను ఈ విధముగ మలచి ఉచితముగా అందించుచున్నది.

ఈ సంస్థ పద్ధతిలో ప్రతి ప్రోగ్రామునకు ఒకే ఒక ఫోల్డరు ఉండును. అందులో 'యాప్' అను భాగమున అసలు ప్రోగ్రామును, 'డేటా' అను భాగమున వాడువాని అమరికలును ఉండును. వీనికి తోడు 'లాంచరు' అను చిన్న ప్రోగ్రాము కలదు. పోర్టబుల్ పద్ధతిలోని కిటుకంతయు ఈ లాంచరులోనే యున్నది. పెన్‌డ్రైవును ఇంటిలో పెట్టినపుడు కంప్యూటరు దానికి 'ఇ' అను అక్షరమును, పాఠశాలలో 'జి' అను అక్షరమును ఇచ్చుట సాధారణము. అట్లు అక్షరము మారినపుడు అమరికలలో వ్రాసియున్న పాత చిరునామాలన్నియు చెల్లవు. లాంచరు మొదట ఈ మార్పును గుర్తించి చిరునామాలను సవరించును. తరువాత ప్రోగ్రామును ఆరంభించును. పని ముగిసిన పిదప అమరికలను తిరిగి 'డేటా' లోనికి చేర్చి, ఆతిథ్యమిచ్చిన కంప్యూటరులో తాను కదిపినదానిని యథాస్థానమున నుంచును.

పెండ్లియింటికి వచ్చిన వంటవాడు తన గరిటెలు, గంగాళములు తానే తెచ్చుకొని, వంట ముగిసిన పిదప పొయ్యి ఆర్పి, తన సామాను తాను సర్దుకొని పోవును. పోర్టబుల్ ప్రోగ్రాము అట్టిది. ఐనను దాని జాడ యేమియు మిగులదని తలంపరాదు. ఏయే ప్రోగ్రాములు నడచినవో విండోసు తనంత తానుగా కొంత వ్రాసికొనును. దానిని లాంచరు చెరుపజాలదు.

నిండు పెట్టె, దూత

పోర్టబుల్ ప్రోగ్రామును పెన్‌డ్రైవులో అమర్చుటకును ఒక ఇన్‌స్టాలరు కావలెను. ఇది రెండు విధములు. మొదటిది నిండు పెట్టె. దానిలో ప్రోగ్రాము పూర్తిగా నుండును. ఒకసారి దించుకొన్న పిమ్మట ఇంటర్నెట్టుతో పని లేదు. లిబ్రేఆఫీసు, వి.ఎల్.సి. మొదలగువాని పోర్టబుల్ రూపములు ఇట్టివి. రెండవది దూత. దానిలో లాంచరు, ఫోల్డరు అమరిక, అసలు ప్రోగ్రాము లభించు చిరునామా మాత్రమే యుండును. గూగుల్ క్రోము బ్రౌజరు పోర్టబుల్ రూపము ఇట్టిది. ఇట్టివాని ఫైలుపేరులోనే 'ఆన్‌లైన్' అను మాట చేర్చబడి యుండును. మొదట చెప్పిన ఉపాధ్యాయుడు ఆ ఒక్క మాటను గమనించియున్నచో శ్రమ తప్పెడిది.

దూత పని వరుసగా అయిదు మెట్లలో సాగును. మొదట, తనలో వ్రాసియున్న చిరునామానుబట్టి ప్రోగ్రామును తయారుచేసిన సంస్థ సర్వరును వెదకును. రెండవది, ఆ సర్వరునుండి ఫైలును దించి తాత్కాలికమైన ఫోల్డరులో నుంచును. మూడవది, వచ్చిన ఫైలు తాను కోరినదేనా యని పరీక్షించును. నాలుగవది, దానిని విప్పి 'యాప్' ఫోల్డరులో అమర్చును. అయిదవది, తాత్కాలిక ఫైళ్లను తొలగించును. ఈ అయిదింటిలో మొదటి రెండు మెట్లకు మాత్రమే ఇంటర్నెట్టు కావలెను. ఇది ముఖ్యమైన విషయము. పని ముగిసిన పిదప పెన్‌డ్రైవులో మిగులు ఫోల్డరు స్వయంపూర్ణము. దానిని నడపుటకు దూత అవసరము గాని ఇంటర్నెట్టు అవసరము గాని లేదు. బ్రౌజరు వెబ్‌పుటలను తెచ్చుటకు ఇంటర్నెట్టు కోరుట వేరుమాట.

దూత ఏల కావలసెను?

ఉచితముగా వాడుకొనుటకు అనుమతి యిచ్చుట వేరు. నకళ్లు తీసి ఇతరులకు పంచుటకు అనుమతి యిచ్చుట వేరు. సామాన్యముగా జనులు ఈ రెండింటిని ఒకటిగా భావింతురు. చట్టము అట్లు భావింపదు. ప్రోగ్రాము కూడ ఒక రచన. పంచిపెట్టు హక్కు రచన చేసినవానిది. రిచర్డ్ స్టాల్‌మన్ 1989 లో వెలువరించిన జి.పి.ఎల్. అను లైసెన్సువంటివి ప్రోగ్రామును వాడుటకు, చదువుటకు, మార్చుటకు, పంచుటకు గూడ స్వేచ్ఛ నిచ్చుచున్నవి. ఇట్టి స్వేచ్ఛా లైసెన్సులుగల ప్రోగ్రాములను ఎవరైనను నిండు పెట్టెగా కట్టి పంచవచ్చును. మరికొన్ని ప్రోగ్రాములకు వెల లేదు గాని, వానిని మరియొకరు తమ పెట్టెలో కట్టి పంచుటకు వీలులేదు. క్రోము బ్రౌజరునకు ఆధారమైన క్రోమియము స్వేచ్ఛా లైసెన్సులు కలది. ఐనను క్రోము అను పేరుతో గూగుల్ సంస్థ విడుదల చేయు ప్రోగ్రాము ఆ సంస్థ నిబంధనలకు లోబడి యున్నది.

ఇచ్చట దూత ఉపకరించును. ఒక కావ్యమునకు వ్యాఖ్యానము వ్రాసినవాడు, మూలమును అచ్చువేయు హక్కు తనకు లేనపుడు, వ్యాఖ్యానమును మాత్రము ప్రకటించి మూలమును దాని ప్రకాశకునివద్దనే తీసికొను డని చెప్పవచ్చును. ఆన్‌లైన్ ఇన్‌స్టాలరు చేయునదియు నదియే. లాంచరు, అమరిక వ్యాఖ్యానమువంటివి. వానిని తయారుచేసినవారు పంచుదురు. మూలమును మాత్రము వాడువాడు ప్రకాశకుని సర్వరునుండి నేరుగా పొందును.

లైసెన్సుతో నిమిత్తము లేకుండ దూతలను వాడు సంస్థలును కలవు. ప్రతివానికిని సరిక్రొత్త రూపమునే అందింపవచ్చుననియు, 32 బిట్ల కంప్యూటరునకు 32 బిట్లది, 64 బిట్లదానికి 64 బిట్లది, కోరిన భాషకు ఆ భాష భాగము మాత్రమే పంపి వ్యర్థమైన దిగుమతి తగ్గింపవచ్చుననియు వారి అభిప్రాయము.

వచ్చిన ఫైలు అసలుదేనా?

దూత తెచ్చిన ఫైలు దారిలో చెడియుండవచ్చును. లేదా ఎవరైన దానిని మార్చియుండవచ్చును. దీనిని కనిపెట్టుట యెట్లు? ఒక చిన్న లెక్కతో ఆరంభింపవచ్చును.

4, 7, 2, 9 అను అంకెలను పంపుచున్నా మనుకొందము. వీని మొత్తము 22. ఈ మొత్తమును ముందే తెలిపియున్నచో, ఒక అంకె మారినపుడు మొత్తము మారి తప్పు బయటపడును. కాని 7, 2 తారుమారై 4, 2, 7, 9 గా వచ్చినచో మొత్తము 22 గానే యుండును, తప్పు దాగిపోవును. అందుచే ప్రతి అంకెను దాని స్థానముతో హెచ్చవేసి కూడవలెను. మొదటి వరుసకు 4 + 14 + 6 + 36 = 60. తారుమారైన వరుసకు 4 + 4 + 21 + 36 = 65. ఇపుడు తప్పు దాగదు. ఐనను కావలెనని మోసగించువాడు 60 వచ్చునట్లు వేరు అంకెలను సులభముగా కూర్పగలడు. కాబట్టి అట్లు కూర్చుటకు వీలులేనంత జటిలమైన లెక్క కావలెను.

అట్టి లెక్కకు 'హాష్' అని పేరు. 1992 లో రొనాల్డ్ రివెస్ట్ ప్రకటించిన ఎం.డి. 5 ఎంత పెద్ద ఫైలునైనను 128 బిట్ల ముద్రగా మార్చును. ఆ ముద్రలు మొత్తము 39 అంకెల సంఖ్యయంత కలవు. ఐనను 2004 లో చీనా దేశపు పరిశోధకులు ఒకే ముద్ర గల రెండు వేరువేరు ఫైళ్లను పుట్టించి దాని బలహీనతను చూపిరి. దారిలో చెడిన ఫైలును పట్టుటకు అది నేటికిని చాలును. మోసమును పట్టుటకు మాత్రము దానిని నమ్మరాదు. 2002 లో అమెరికా ప్రమాణముగా వెలువడిన షా-256 అను లెక్క 256 బిట్ల ముద్ర నిచ్చును. దీనిపై అట్టి దాడి ఇంతవరకు ఫలింపలేదు.

పోర్టబుల్ దూతలో అసలు ఫైలు చిరునామాతోపాటు దాని ముద్రయు వ్రాయబడి యుండును. దిగిన ఫైలునకు దూత తానే మరల లెక్కకట్టి రెండింటిని పోల్చును. పొసగనిచో ముందుకు సాగదు. ఒక్కొక్కసారి ప్రకాశకుడు అదే చిరునామాలో క్రొత్త రూపము నుంచినందున ముద్ర కలియక దూత నిరాకరించును. వాడువాడు విసుగుచెందును. కాని అది లోపము కాదు. తనకు తెలియని వస్తువును ఇంటిలోనికి రానీయని కావలివాని జాగ్రత్త. క్రొత్త ముద్ర గల దూతను తెచ్చుకొనుటయే తగిన మార్గము.

ఈ విషయమును విద్యార్థులు ఇంటర్నెట్టు లేకుండగనే పరీక్షింపవచ్చును. విండోసులో 'సర్ట్‌యుటిల్' అను సాధనము ఏ ఫైలునకైనను షా-256 ముద్రను లెక్కించును. ఒక చిన్న వ్యాసమును ఫైలుగా వ్రాసి ముద్రను కాగితముపై ఎక్కింపవలెను. తరువాత ఒక్క చుక్కను తొలగించి మరల లెక్కింపవలెను. ముద్ర 64 గుర్తులుగా కనబడును. ఒక్కొక్క గుర్తు 16 విలువలలో ఏదైన కావచ్చును. కాబట్టి యాదృచ్ఛికముగా పూర్వపు గుర్తే వచ్చు అవకాశము పదునారింట ఒకటి. అనగా 64 గుర్తులలో సుమారు 4 నిలిచి, 60 మారవలెను. ప్రయోగము ఈ అంచనాకు దగ్గరగా నుండుట చూచినపుడు సంభావ్యత పాఠము మనసున నాటుకొనును.

పాఠశాలలో కాలపు లెక్క

20 కంప్యూటర్లు గల ఒక పాఠశాలకు సెకండునకు 2 మెగాబిట్ల వేగముగల ఇంటర్నెట్టు ఉన్నదనుకొందము. ప్రోగ్రాము పరిమాణము 100 మెగాబైట్లు. బిట్టు వేరు, బైటు వేరు. 8 బిట్లు ఒక బైటు. వేగమును బిట్లలోను పరిమాణమును బైట్లలోను చెప్పుట వాడుక యగుటచే ఇచ్చట పలువురు పొరపడుదురు. 100 మెగాబైట్లు అనగా 800 మెగాబిట్లు. దానిని 2 చే భాగింపగా 400 సెకండ్లు, అనగా 6 నిమిషముల 40 సెకండ్లు.

ప్రతి కంప్యూటరులోను దూతను నడపినచో ఇరువదిమార్లు దించవలెను: 8,000 సెకండ్లు, అనగా 2 గంటల 13 నిమిషముల 20 సెకండ్లు. అన్నింటిని ఒకేసారి ఆరంభించినను దారి ఒక్కటే గనుక మొత్తము తగ్గదు. ఒక్కసారి దించి, సెకండునకు 20 మెగాబైట్లు వ్రాయు పెన్‌డ్రైవుతో పంచినచో ఒక్కొక్క కంప్యూటరునకు 5 సెకండ్లు, ఇరువదింటికి 100 సెకండ్లు. దిగుమతి 400 సెకండ్లతో కలిపి 500 సెకండ్లు. మొదటి పద్ధతిలో పదునారవ వంతు! పెన్‌డ్రైవు పెట్టి తీయు కాలమును కలిపినను ఒక పీరియడులో పని ముగియును.

ఊట ఎండినచో

దూతకు మరియొక బలహీనత కలదు. అది తన కాలమునకు కట్టుబడి యుండును. నిండు పెట్టెను పది సంవత్సరములు భద్రపరచి తిరిగి తెరువవచ్చును. దానికి తగిన కంప్యూటరు ఉన్నచో చాలును. దూతకు కంప్యూటరుతోపాటు దూరమున నున్న సర్వరును, ఆ సర్వరులో ఆ ఫైలును, రెండింటి నడుమ ఒప్పందమును నిలిచి యుండవలెను. ఏ యొక్కటి తప్పినను దూత చేతులు వట్టివి.

ఇది కేవలము ఊహ కాదు. ఆడోబీ సంస్థ ఫ్లాష్ ప్లేయరునకు 2020 డిసెంబరు 31 తో మద్దతు విరమించి, దిగుమతి పుటలను తొలగించెను. అదే సంవత్సరము ఆగస్టులో మైక్రోసాఫ్టు సంస్థ, బలహీనమైన షా-1 ముద్రతో సంతకము చేసిన పాత ఫైళ్లను తన దిగుమతి కేంద్రమునుండి తీసివేసెను. ఈ చర్యలకు భద్రతాదృష్టితో మంచి కారణములే కలవు. ఐనను ఆ ఫైళ్లపై ఆధారపడిన దూతలు నాటితో మూగవోయినవి.

ఫైలు ఉన్నచోటనే యున్నను మాట కలియకపోవచ్చును. సర్వరుతో రహస్యముగా సంభాషించుటకు టి.ఎల్.ఎస్. అను నియమావళి కలదు. దీని 1.0, 1.1 రూపములను 2021 మార్చిలో ఇంటర్నెట్టు ప్రమాణములను నిర్ణయించు సంఘము త్రోసిపుచ్చినది. విండోసు ఎక్స్.పి. స్వయముగా ఎరిగినది 1.0 మాత్రమే. క్రొత్త రూపములనే అంగీకరించు సర్వరు, అట్టి కంప్యూటరులోని దూత పలుకరింపునకు బదులీయదు. భద్రముగా దాచిన ఆ చిన్న ఫైలు, ఇల్లు కూలిన పిదప మిగిలిన తాళపుచెవివంటి దగును.

ఉపాధ్యాయులు పాటింపదగినవి

ఇంటర్నెట్టు లేని పాఠశాలకు ప్రోగ్రామును తీసికొనిపోవువారు మొదట ఫైలు పేరును, పరిమాణమును చూడవలెను. పెద్ద ప్రోగ్రామునకు చిన్న ఫైలు లభించినచో అది దూతయేమో యని సందేహింపవలెను. నిండు పెట్టె లభించునెడల దానినే ఎన్నుకొనవలెను. లభింపనిచో, ఇంటర్నెట్టు ఉన్నచోటనే దూతను నడపి, ప్రోగ్రామును నేరుగా పెన్‌డ్రైవులో అమర్చుకొనవలెను. పిమ్మట ఇంటర్నెట్టును ఆపి, ప్రోగ్రామును ఒకసారి తెరచి చూడవలెను. ఈ ఒక్క పరీక్ష బయలుదేరుటకు ముందే నిజమును తెలుపును.

ఆ ఫోల్డరును పాఠశాలలోని కంప్యూటర్లకు నకలు చేయుటకు ముందు లైసెన్సు అందుల కంగీకరించునో లేదో చదువవలెను. ఆ చదువుట గూడ విద్యార్థులకు మంచి పాఠమే. అంగీకరింపనిచో అదే పని చేయు స్వేచ్ఛా ప్రోగ్రాము దాదాపు ప్రతి అవసరమునకును లభించును. క్రోమువంటి బ్రౌజరులో దాచిన సంకేతపదములు సాధారణముగా ఒక కంప్యూటరునుండి మరియొకదానికి వెంట రావని గూడ తెలిసియుండవలెను. విండోసు వానిని ఆ కంప్యూటరులోని వాడుకరి ఖాతాతో ముడివేసి రహస్యలిపిలో నుంచును. ఇంటర్నెట్టుకు దూరముగా నున్న బ్రౌజరు కాలక్రమమున పాతబడును గనుక, దానిని మరల ఇంటర్నెట్టుకు కలిపినపుడు ముందుగా క్రొత్త రూపమునకు మార్చుకొనవలెను.

కంప్యూటరులో ఒక వస్తువు ఉన్నట్లు కనబడుట వేరు, ఉండుట వేరు. దూత యుండగా ప్రోగ్రాము ఉన్నదని తలచినవాడు, ఇంటర్నెట్టు ఆగిననాడు ఆ భేదమును తెలిసికొనును. ఆ రోజు విద్యార్థులు పాఠమునకై ఎదురుచూచుచున్న రోజు కాకుండ చూచుకొనుట ఉపాధ్యాయుని ముందుచూపుపై ఆధారపడి యున్నది.